పాతకాలపు బొంగరము

గాల్ఫు అను ఆటలో బంతిని పచ్చికపై మెల్లగా దొర్లించి గుంటలో వేయుటకు ఒక కర్రను వాడుదురు. దానికి పట్టరని పేరు. బంతిని దూరముగా పంపు కర్రలకు భుజబలము కావలెను. దీనికి చేతి నిదానము చాలును. అమెరికా దేశపు ఆటగాడు బాబీ జోన్సు 1930వ సంవత్సరమున ఆనాటి నాలుగు పెద్ద పోటీలను ఒక్క ఏడాదిలోనే గెలిచినాడు. అతడు వాడిన పట్టరునకు 'కలామిటీ జేన్' అని ముద్దుపేరు. దాని కర్ర హికరీ చెట్టుది. ఆ కర్రకు అక్కడక్కడ దారపు కట్లు ఉండెడివి. పగులు పెరుగకుండుటకు చుట్టినవని చెప్పుదురు. తరువాత ఆ నమూనాను చేసి అమ్మినవారు, పగులు లేని కొత్త కర్రలకు గూడ అవే కట్లు చుట్టి అమ్మిరి!

ఈ సంగతి తెలిసినప్పుడు మాకు మొదట నవ్వు వచ్చినది. పిమ్మట మా ఇంటి బొంగరము జ్ఞాపకము వచ్చి నవ్వు ఆగిపోయినది. ఆ బొంగరము కథ కొంచెము తరువాత చెప్పుదుము.

1929లో సెంట్ ఆండ్రూస్ క్లబ్బువారు ఉక్కు కర్రను అంగీకరించిన పిదప హికరీ కర్రల కాలము గడచినది. అయినను పాత పట్టరును వెదకి కొని, దానితోనే ఆడువారు నేటికిని కలరు. వారికి గల చిక్కు ఒక్కటే. కంటికి పాతదిగా కనబడునది వేరు; పాతపద్ధతిని చేసినది వేరు. మొదటిదానికి బజారు నిండ సరకు ఉన్నది. రెండవదానికి వెదకవలెను, అడుగవలెను, చేతపట్టి చూడవలెను.

విశాఖపట్టణమున ఈస్ట్ పాయింట్ గాల్ఫు క్లబ్బు మైదానము ఉన్నది గాని, మన నర్సీపట్నపు వీధులలో ఆ ఆట ఎరిగినవారు అరుదు. పట్టరును కొనువారికి వచ్చిన చిక్కే మనకు బొంగరము కొనునప్పుడు వచ్చును. ఇదియు ఆటవస్తువే, ఇదియు కర్ర మంచితనముమీదను, తూకముమీదను ఆధారపడినదే. అంతేకాదు, పాతపద్ధతి బొంగరము పుట్టు చోటు మన ఊరికి ఎంతో దూరమున లేదు. కావున నేటి ప్రసంగమున, ఏటికొప్పాక లక్కబొంగరమును ఎట్లు వెదకవలెను, ఎట్లు పరీక్షించి కొనవలెను అను విషయమును శ్రోతలకు మనవి చేయుదుము.

ముందుగా మా పొరపాటు. కొన్ని ఏండ్ల క్రిందట ఒక ఉత్సవములో, దీపాలవెలుగులో తళతళలాడుచున్న బొంగరమునొకదానిని మనుమనికి కొని ఇచ్చితిమి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలు. పైన చిన్న కాడ. 'అసలైన ఏటికొప్పాక సరకు' అని అమ్మినవాడు చెప్పెను. మేమును నమ్మితిమి. చిన్నపిల్లవాడు వస్తువును చేతితో చూచుటకంటె ముందు నోటితో చూచును గదా! మరునాటి ఉదయమునకు వాని పెదవులు ఎఱ్ఱబడినవి. వాని తల్లి నీటితో కడుగగా గుడ్డకు గూడ రంగు అంటినది. ఆ బొంగరమును గోటితో గీకి చూడగా, పై రంగు పెచ్చుగా ఊడివచ్చినది. అది లక్క కాదు, కుంచెతో పూసిన రంగు. పిల్లవానికి ఏమియు కాలేదు గాని, మా పెద్దరికమునకు కొంత దెబ్బ తగిలినది. పిల్లల ఆటవస్తువులపై పూయు రంగులలో సీసము ఉండుట ఎంత ప్రమాదకరమో వైద్యులు చిరకాలముగా చెప్పుచున్నారు. మన దేశమున ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నియమము 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. నియమము వచ్చినంతమాత్రమున, తిరునాళ్ళలో అమ్ము ప్రతి బొమ్మమీది రంగును ఎవరు పరీక్షింతురు?

ఆ తరువాత ఏటికొప్పాకకు వెళ్ళితిమి. ఆ గ్రామము మనకు ఆగ్నేయముగా, జాతీయరహదారికి చేరువలో, వరాహనది ఒడ్డున ఉన్నది. 2022 ఏప్రిలులో అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పటినుండి నర్సీపట్నమును, ఏటికొప్పాకయు రెండును ఆ జిల్లాలోనివే. రైలులో వచ్చువారికి ఒక మాట: నర్సీపట్నం రోడ్డు అను స్టేషను పేరుచూచి, దిగగానే మా ఊరు కనబడునని భ్రమపడరాదు. ఆ పేరులో ముఖ్యమైనది 'రోడ్డు' అను మాటయే!

అచట ఒక పనివాని పాకలో కూర్చుండి బొంగరము పుట్టుట ఆసాంతము చూచితిమి. దానిని వివరముగా చెప్పుట అవసరము; ఏలయన, పుట్టుక తెలియనివాడు పరీక్ష చేయజాలడు.

కర్ర అంకుడు చెట్టుది. ఈ చెట్టునకు తెడ్లపాల అని మరియొక పేరు. ఆ పేరులోనే తెడ్డు ఉన్నది, కొమ్మ విరిచినచో కారు పాలు ఉన్నవి. కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉండును. ఉలికి లొంగును, చీలదు. కర్ణాటకమున చెన్నపట్టణపు లక్కబొమ్మలకు గూడ ఈ చెట్టునే వాడుదురు. మన కొండపల్లి బొమ్మలది వేరు జాతి. వానికి తెల్లపొణికి కర్ర. అది మిక్కిలి తేలిక. చెక్కి అతికించి పైన రంగులు వేయుదురు. ఏటికొప్పాక వస్తువు తరిమెన పట్టినది. అనగా కర్ర తిరుగుచుండగా ఉలి ఆనించి గుండ్రముగా తీసినది. కావుననే ఈ బొమ్మలలో మూలలు, పదునైన అంచులు సామాన్యముగా కానరావు. పిల్లల చేతికి ఇంతకంటె ఏమి కావలెను?

పూర్వము ఒకరు త్రాడులాగి కర్రను త్రిప్పుచుండగా వేరొకరు ఉలి పట్టెడివారు. ఇప్పుడు విద్యుత్తుతో తిరుగు మోటారులు వచ్చినవి. మోటారు వచ్చినందున పాతపద్ధతి పోయినదని కొందరు పెదవి విరుతురు. మేము అంగీకరింపము. త్రాడు లాగుట చేతిరెక్కల శ్రమ. ఆ శ్రమ తగ్గుట మంచిదే. ఉలిని ఎచట ఆనించవలెనో, ఎచట తీయవలెనో నిర్ణయించునది నేటికిని పనివాని చేయియే. పాతదనము ఉండవలసినది కర్రలో, లక్కలో, రంగులో, చేతిలో.

ఇక లక్క. కుసుమ, మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు తమ చుట్టును కట్టుకొను బంక ఇది. పాండవులకు కట్టిన లక్కయింటి కథ తెలియని తెలుగువారు లేరు గదా! ఆ బంకను శుభ్రపరచి, వేడిమిపై మెత్తబరచి, రంగు కలిపి, పిండివలె మర్దించి కడ్డీలుగా చేయుదురు. తిరుగుచున్న బొంగరమునకు ఈ కడ్డీని ఒత్తిపట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. పిమ్మట మొగలి ఆకును ఆనించి సరిచేయుదురు. అంతవరకు మసకగా ఉన్న బొంగరము ఒక్క క్షణములో అద్దమువలె మెరసినది. మా ప్రక్కనున్న పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టవలసినదే గాని, వయస్సు అడ్డువచ్చినది. కుంచె లేదు, ఆరబెట్టుట లేదు, తడి లేదు. లక్కపిడతలతో ఆడుకొనిన ప్రతి ఆడపడుచు చేతివ్రేళ్ళకును ఈ నునుపు జ్ఞాపకముండును.

రంగుల సంగతి కొంత చిక్కు. పసుపుకొమ్మునుండి పసుపుపచ్చ, నీలిమొక్కనుండి నీలము, జాఫ్రాగింజలనుండి నారింజవన్నె, మంజిష్ఠవేరునుండి ఎరుపు, కాచునుండి గోధుమవన్నె వచ్చును. నీలము, పసుపు కలిసినచో ఆకుపచ్చ. ఇవన్నియు పూర్వులు ఎరిగినవే. ఇరువదవ శతాబ్దమున రసాయనపు రంగులు చౌకగా దొరకుటచే చెట్టురంగుల విద్య మరుగున పడినది. ఆ గ్రామమునకు చెందిన చింతలపాటి వెంకటపతిరాజు గారు చెట్టురంగులను లక్కలో కలుపు మార్గములను పరిశోధించి, పనివారికి నేర్పి, ఆ విద్యకు మరల ఊపిరి పోసిరి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున ఆయన పేరును, ఏటికొప్పాక పేరును ప్రస్తావించినారు. 2023లో రాజుగారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. అంతకుమున్నే, 2017లో, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2025 గణతంత్రదినమున ఢిల్లీ వీధిలో నడచిన మన రాష్ట్ర శకటము ఈ బొమ్మలదే. దానికి మూడవ బహుమానము వచ్చినది.

గౌరవములు పెరిగినకొలది పేరును వాడుకొనువారును పెరిగిరి. దూరపు పట్టణములలో 'ఏటికొప్పాక' అను చీటి అంటించిన ప్రతి వస్తువును ఆ గ్రామమున పుట్టినదని నమ్ముటకు వీలులేదు. దీనివలన నష్టము కొన్నవాని డబ్బుతో ఆగదు. చెట్టురంగును తీయుటకు దినములు పట్టును. రసాయనపు రంగు పొడిని కొని తెచ్చుటకు గంట చాలును. కొనువాడు ఈ రెండింటిని ఒకే ధరకు బేరమాడినచో పనివాడు ఏమి చేయును? మేము చూచిన పాకలోని పెద్దాయన ఈ మాటనే తన భాషలో చెప్పెను. "బాబూ, తమరు రంగు చూసి కొంటారు. ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేవాళ్ళు పదిమందిలో ఒక్కరు. ఆ ఒక్కరి కోసమే ఇది పెట్టుకుని కూర్చున్నాను." ఆయన కుమారుడు ఈ పని నేర్చుకొనలేదట. ఆ సంగతిని ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు; కడ్డీని తిప్పిపట్టుచు, వాతావరణమును గూర్చి చెప్పినట్లు చెప్పెను.

ఇప్పుడు పరీక్ష. బొంగరమును చేతికి తీసికొనగానే మొదట ములికి ప్రక్కనో, కాడ మొదటనో లక్క పట్టని చోటును చూడుడు. కర్ర తెల్లగా, సన్ననారతో కనబడవలెను. తరువాత పైపూతను వెలుగునకు ఎదురుగా పట్టి చూడుడు. లక్క తిరుగుడులో పట్టినది గనుక గీతలున్నను అవి బొంగరము చుట్టును వలయముగా పోవును. కుంచె జాడలు, కారి గడ్డకట్టిన చుక్కలు కనబడినచో అది పూసిన రంగు. మెరుపు విషయమున జాగ్రత్త. లక్క మెరుపు లోతుగా, కొంచెము వెచ్చగా ఉండును. కళ్ళు జిగేలుమనిపించు గులాబీ, చిలుకపచ్చ కనబడినచో అనుమానింపుడు. పసుపు, జాఫ్రా, నీలి వన్నెలు అరుపులు అరవవు.

తడిసిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దుడు. రంగు అంటినచో మారుమాట లేకుండ క్రింద పెట్టుడు. స్పిరిటు చుక్క వేసినచో లక్క జిగురుగా అగును, చమురురంగు అట్లు కాదు. ఈ పరీక్ష నిజమే గాని, కొనకమునుపే పరులసొత్తు మీద చేయదగినది కాదు. ఇంటిలో ఏనాటిదో పాత బొంగరమున్నచో దాని అడుగున చేసి చూడవచ్చును.

ఇంతచేసినను ఒక సంగతి ఒప్పుకొనవలెను. లక్కలో కలిసినది చెట్టురంగో, రసాయనపు రంగో కంటిచూపుతో నిశ్చయించుట కష్టము. దానికి మార్గము అడుగుటయే. చేసినవానిని అడిగినచో, ఏ వన్నె దేనినుండి తీసినాడో తడబడక చెప్పును. కొన్నిచోట్ల కుండలోని రసమును గూడ చూపును. మధ్యవర్తి వద్ద కొనునప్పుడు ఈ వీలు లేదు. గ్రామమునకు పోలేనివారు ప్రభుత్వపు లేపాక్షి దుకాణములలో చూడవచ్చును. ఐ.ఎస్.ఐ. ముద్ర లేదని సంశయింపనక్కరలేదు. ఆటబొమ్మలకు ఆ ముద్ర తప్పనిసరియను ఆజ్ఞ 2021 జనవరి మొదటి తేదినుండి అమలైనది గాని, నమోదైన హస్తకళాకారులకును, భౌగోళిక గుర్తింపుగల వస్తువులను చేయు అధికారము పొందినవారికిని అందునుండి మినహాయింపు ఇచ్చినారు. ముద్ర లేకుండుట దోషము కాదు. అది నిజముగా వారి చేతి వస్తువేనా అనునది మాత్రము తెలిసికొనవలెను.

అన్నింటికంటె ముఖ్యమైన పరీక్ష త్రిప్పిచూచుట. మాలో కొందరు గాజుపాత్రవలె బొంగరమును అటు ఇటు త్రిప్పిచూచి ధర అడుగుదురే గాని, ఒక్కసారి నేలమీద త్రిప్పరు! నునుపైన పళ్ళెమునో పలకనో అడుగుడు. కాడను రెండు వ్రేళ్ళమధ్య పట్టి విసరివిడువుడు. మంచి బొంగరము మొదట ఒక్కక్షణము తూలి, పిమ్మట కదలనట్లు నిలిచిపోవును.  చివర వేగము తగ్గినప్పుడు మాత్రమే తల ఊపుచు వలయము తీసి పడిపోవును. మొదటినుండియు వణకుచు, పళ్ళెముమీద టకటకలాడుచు పరుగెత్తినచో, కాడ నడుమకు లేదనియో, కర్రలో ఒక ప్రక్క బరువు ఎక్కువయనియో తెలిసికొనవలెను. ఆ దోషమును లక్క కప్పజాలదు. 1950 దశకమున స్వీడను దేశపు లుండ్ నగరములో తీసిన ఒక ఛాయాచిత్రము ప్రసిద్ధము. అందు నీల్స్ బోర్, పౌలీ అను నోబెలు బహుమతి పొందిన ఇరువురు శాస్త్రజ్ఞులు నడుములు వంచి నేలమీది బొంగరమును చూచుచుందురు. తిరుగుచు తిరుగుచు తలక్రిందులగు జాతి బొంగరమది. అంతటి వారు వంగగా, కొనువాడు వంగుటకు సిగ్గుపడనేల?

ఇంకొక హెచ్చరిక. త్రాడు చుట్టి విసరి, పరుల బొంగరముపై గురిచూచి కొట్టు ఆటకు అంకుడు బొంగరము తగదు. మెత్తని కర్ర గనుక ములికి దెబ్బకు గుంటలు పడును, లక్క చిట్లును. ఆ ఆటకు తుమ్మవంటి చేవగల కర్రతో చేసి ఇనుప ములికి దిగగొట్టినది కావలెను; దానికి వన్నెలతో పని లేదు. ఆ రకమును ఊరి వడ్రంగివద్ద చేయించుకొనుట మేలు. ఏటికొప్పాకలో కొనదగినది వ్రేళ్ళతో త్రిప్పునది. రెండింటిని ఒకటిగా భావించి, 'పాతకాలపు సరకు నిలువలేదు' అని నిందించినవారిని చూచితిమి. తప్పు సరకుది కాదు.

కొన్న పిదప దానిని ఎండలోను, పొయ్యిప్రక్కను ఉంచరాదు. వేడినీటితో కడుగరాదు. లక్క వేడికి పుట్టినది, వేడికే చెడును. పొడిగుడ్డతో తుడిచినచో చాలును. బొమ్మలకొలువులో పెట్టువారు దీపమునకు కొంచెము దూరముగా ఉంచవలెను. మెరుపు తగ్గిన పాత బొంగరములు పెట్టె అడుగున ఉన్నచో పారవేయకుడు. కర్ర చీలకున్నచో తరిమెనకు ఎక్కించి మరల లక్క పట్టవచ్చునని పెద్దాయన చెప్పెను. మా తల్లిగారి నాటి బొంగరమునొకదానిని మేము ఆయన చేతికి ఇచ్చితిమి. గోటితో తట్టి, చెవివద్ద పెట్టుకొని, "కర్ర బాగుంది బాబూ, ఇప్పుడీపాటి ఎండిన కర్ర దొరకడం లేదు" అనెను.

మనుమనికి కొత్తది గూడ ఒకటి కావలెనంటిమి. చేయించి ఉంచినవి పాకలో వరుసగా ఉన్నవి. వానిలో ఒకదానిని ఇచ్చివేయునని అనుకొంటిమి. ఆయన మూడింటిని పళ్ళెములో త్రిప్పి చూచి, మూడింటిని ప్రక్కకు నెట్టెను. మా కంటికి అవి బాగుగనే తిరిగినవి. మూల పేర్చియున్న అంకుడు ముక్కలను చూపి, "అది ఇంకా పచ్చి మీద ఉంది. ఇప్పుడు చేస్తే వానాకాలానికి పగులుతుంది. మాఘమాసంలో రండి, రెండూ ఒక్కసారే పట్టుకెళుదురుగాని" అనెను. బయానా ఇవ్వబోగా పుచ్చుకొనలేదు. తల్లిగారి బొంగరమును మాత్రము ఒక గుడ్డపేలికలో చుట్టి, లక్కకడ్డీల పెట్టెలో పెట్టుకొనెను.